మంత్రులు పోయాక మొదలయ్యే ఆట

మా మైపాడులో ఎండాకాలం సాయంత్రాలు, పడవల నీడన ఎవరో ఒకరు చదరంగం పరుస్తారు. ఆడేది ఇద్దరే, ఎత్తులు చెప్పేది మాత్రం పదిమంది. మంత్రులు రెండూ పోగానే "ఇంకేముందిలే" అని సగంమంది లేస్తారు. అసలు రుచి అప్పుడే మొదలవుతుందని నా వాదన.

బల్ల దగ్గరుంటే ఇలా పెట్టి చూడండి. రాజులిద్దరినీ ఒకే నిలువు వరుసలో, మధ్య ఒక్క గడి వదిలి ఎదురెదురుగా నిలపండి. రాజు పక్కకి రాజు రాకూడదు కదా! కాబట్టి ఎవరి వంతు వస్తే వాళ్లకి ముందుకు దారి లేదు. పక్కకో వెనక్కో తప్పుకోవాల్సిందే. తప్పుకున్నాడా, రెండోవాడు చొరబడతాడు. ఆటంతా వంతు కోసం ఆత్రపడతాం, ఇక్కడ వంతు రావడమే దండగ. ఈ చిత్రం ఒక్కటి పట్టుబడితే చాలు, చివరి ఆటలు కళ్లప్పగించి చూస్తారు.

ఇలాంటి ఆటకి మనవాళ్లలో పెట్టింది పేరు గుంటూరు పి. హరికృష్ణ. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి ఆయనకి పదిహేనేళ్లు. అప్పటికి మన దేశంలో అంత చిన్నవయసులో ఆ హోదా అందుకున్నవాళ్లు లేరు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ ఛాంపియన్, 2016లో ప్రపంచంలో మొదటి పదిమందిలో ఒకరు. బిరుదుల మాట అలా ఉంచండి, పనితనం చూడండి. మన అలివి వల లాగినట్టు ఉంటుంది ఆయన ఆట. రెండువైపులా తాడు సమంగా రావాలి, ఒక్కరు తొందరపడినా చేప జారుకుంటుంది. చూడ్డానికి ఏమీ లేని చోట ఒక బంటును ఒక్క గడి జరిపి, రాజును నింపాదిగా నడిపించి, ఎదుటివాడికి ఊపిరాడకుండా చేస్తారు. మెరుపుదాడులు ఇష్టపడేవాళ్లకి విసుగనిపించవచ్చు. నాకైతే అదే సంగీతం.

2024 డిసెంబరులో సింగపూర్‌లో మన తెలుగింటి చెన్నై కుర్రాడు గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తెరవెనక అతణ్ణి సిద్ధం చేసిన బృందంలో హరికృష్ణ ఒకరు. ఆ పోటీలో పద్నాలుగో ఆట, అదే ఆఖరుది. స్కోరు సమానం. మంత్రులు ఎప్పుడో పోయాయి. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువే గానీ, డ్రా అయిపోతుందనే అందరూ అనుకున్నారు. 55వ ఎత్తులో ప్రత్యర్థి డింగ్ లిరెన్ ఏనుగును జరిపి, మార్చుకుందాం రమ్మన్నాడు. గుకేశ్ ఏనుగును కొట్టి, మరుసటి ఎత్తులోనే తన శకటును డింగ్ శకటుకు ఎదురుపెట్టాడు. తప్పించుకునే దారి లేదు, అవీ మారాయి. మిగిలినవి రాజులు, బంట్లు. డింగ్ తన రాజును ఒక అడుగు ముందుకు వేశాడు. గుకేశ్ రాజు వచ్చి సరిగ్గా ఎదురుగా, మధ్య ఒక్క గడి వదిలి నిలబడింది. వంతు డింగ్‌ది. ఆ ఎత్తు వేయకుండానే చెయ్యి చాచి ఓటమి ఒప్పుకున్నాడు.