మూత కింద ముప్పు



ఇవాళ సెప్టిక్ ట్యాంకు గురించి మాట్లాడుకుందాం. "ఛీ! ఆ మాట ఎందుకు టీచరమ్మా?" అనకండి. కారణం ఉంది.

మా వీధిలో ఒక పిన్నిగారు ట్యాంకు మూత మీద నిలబడి బట్టలు ఆరేస్తున్నారు. మూత ఫెళ్ళున విరిగింది. కాలు లోపలికి దిగింది. పక్కవాళ్ళు పట్టి లాగారు కాబట్టి బతికింది. ఆ మూత పైకి గట్టిగానే కనిపించేది. అడుగు మాత్రం తడిసిన సుద్దలాగా మెత్తబడి ఉంది.

దాన్ని తిన్నది ఎవరు? కంటికి కనపడని జీవులు! పాలను పెరుగు చేసేవి కూడా కంటికి కనపడని జీవులే. పెరుగు నిలవ ఉంటే పులుస్తుంది కదా! ట్యాంకులో కూడా ఒక రకం పులుపు పుడుతుంది. ఎలాగో వినండి.

మురుగు అడుగున గాలి ఆడదు. అక్కడి జీవులు ఒక గ్యాసును పుట్టిస్తాయి. కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. ఆ గ్యాసు పైకి లేస్తుంది. మూత అడుగున ఉన్న తడిలో చేరుతుంది. ఆ తడిలో ఇంకో రకం జీవులు ఉంటాయి. అవి గ్యాసును యాసిడ్‌గా మారుస్తాయి. నాపరాయి బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది. చూశారు కదా! అలాగే ఈ యాసిడ్ సిమెంటును తింటుంది. తరవాత లోపలి ఇనప చువ్వలు తుప్పు పడతాయి.

పట్నాల్లో భూమి కింద వేసిన పెద్ద మురుగు గొట్టాలు కూడా ఇలాగే పాడవుతాయి. ఈ పని చేసే జీవిని 1945లో ఆస్ట్రేలియాలో పార్కర్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు.

మరి మనం ఏం చేయాలి?

మూత మీద నిలబడకూడదు. పిల్లలను ఆడనివ్వకూడదు. బరువులు పెట్టకూడదు. పాత మూతను మేస్త్రీకి చూపించాలి. పాడైతే కొత్తది వేయించాలి. గాలి గొట్టం మూసుకుపోకుండా చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఆ గ్యాసు మనిషిని చంపుతుంది. ఎక్కువైతే వాసన కూడా తెలియదు. కాబట్టి ట్యాంకులోకి ఎవరినీ దింపకూడదు. యంత్రం బండిని పిలిపించాలి. రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా లోపల పడిపోతే మీరు దూకకండి. కాపాడబోయిన వాళ్ళే చనిపోయిన ఇళ్ళు ఉన్నాయి. కేకలు వేయండి. 101కి ఫోను చేయండి.

ఈ రాత్రి ఈ పాఠం మీ ఇంట్లో వాళ్ళకు చదివి వినిపించండి. రేపు పొద్దున మీ ఇంటి ట్యాంకు మూతను పక్కన నిలబడి చూడండి. చదువు నేర్చినందుకు ఒక ప్రాణం నిలిస్తే అంతకన్నా ఏం కావాలి?