ఉజ్జీవమును, బానిసల విమోచనమును
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఆహ్వానసంఘమువారు మాకు "సంఘసంస్కారము" అను విషయము నిచ్చి, తోచినది చెప్పుడనిరి. ఏటేట మనము తీర్మానములు చేయుచున్నాము. వానిలో నెన్ని మన గడపలు దాటి యిండ్లలోనికి వచ్చినవో మీరెఱుగుదురు, మేమును ఎఱుగుదుము. కావున పరదేశమున నొక గొప్ప సంఘము తాను చేసిన తీర్మానమును ఏమిచేసికొన్నదో ఆ వృత్తాంతమును మీకు విన్నవింప దలచితిమి.

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులోను, అమెరికాలోను క్రైస్తవులయందు గొప్ప ఉజ్జీవము పుట్టెను. జాన్ వెస్లీ, జార్జి వైటుఫీల్డు మున్నగు బోధకులు ఆరుబయట నిలిచి వేలకొలది జనులకు బోధించిరి. మనుష్యుడు తన పాపమును తానెఱిగి మారుమనస్సు పొందవలెననుట ఆ బోధకు సారము. అమెరికాలో దొరలతోపాటు వారి ఆఫ్రికా బానిసలును ఆ బోధను వినిరి.

ఉజ్జీవము కలిగినంతనే దాస్యము తొలగెనని తలపరాదు. వైటుఫీల్డు జార్జియా సీమలో 1740 లో అనాథశాలను నెలకొల్పెను. బానిసలను హింసించు యజమానులను ఆయన నిందించిన మాట నిజమే. కాని ఆ సీమలో బానిసత్వము నిషిద్ధమై యుండగా, ఆ నిషేధమును ఎత్తివేయవలెనని వాదించినవారిలో ఆయనయు నొకడు. 1751 లో నిషేధము తొలగెను. 1770 లో ఆయన మరణించునాటికి అనాథశాలకు బానిసలుండిరి. దిక్కులేని బిడ్డలను పోషించుటకై పరుల బిడ్డలను దాస్యమున నుంచుట! జాన్ న్యూటను కథ యింతకంటె వింత. ఆయన 1748 లో నడిసముద్రమున తుపానులో చిక్కి దైవము నాశ్రయించెను. అయినను 1754 వఱకు బానిసల యోడలలో ఉద్యోగము చేసి, కప్తానుగా నుండెను. ఆ వర్తకము దోషమని గ్రంథముఖమున ఒప్పుకొనునప్పటికి 1788 వ సంవత్సరము వచ్చెను. నలువదియేండ్లు!

వెస్లీ యట్లుగాదు. ఆయన 1774 లోనే బానిసత్వమును ఖండించుచు పుస్తకమును ప్రకటించెను. ఆయన అనుయాయులగు మెథడిస్టులు 1784 డిసెంబరులో బాల్టిమోరు నగరమున మహాసభ కూడి, ఒక నిబంధనను చేసిరి. బానిసలుగల ప్రతిసభ్యుడును ఏడాదిలోగా, వయస్సునుబట్టి నిర్ణీతకాలమున వారు విడుదలయగునట్లు దస్తావేజు వ్రాయవలెను. ఇష్టములేనివాడు సంఘమును విడిచిపోవలెను. వర్జీనియావారికి మాత్రము రెండేండ్ల గడు విచ్చిరి. ఇది ప్రభుత్వమును వేడుకొను తీర్మానము గాదు. తమ సభ్యులనే, తమకు చందా లిచ్చువారినే కట్టివేయు తీర్మానము.

ఫలిత మేమి? 1785 లో థామసు కోకు అను వారి నాయకుడు వర్జీనియాలో ఈ సంగతిని బోధింపగా కొందఱు కఱ్ఱలతో పైకి వచ్చిరి. ఒక దొరసాని ఆయనను నూఱు కొరడాదెబ్బలు కొట్టినవారికి 50 పౌను లిత్తునన్నదట. నిబంధన పుట్టి ఆఱుమాసములు నిండునంతలో దానిని నిలుపుదల చేసిరి. 1808 నాటి మహాసభలో మఱియొక యుపాయము పన్నిరి: దక్షిణ కరోలినావారికై తమ నిబంధనావళిని వేయిప్రతులు వేఱుగా అచ్చువేయించి, వానిలో బానిసత్వమునుగూర్చిన ప్రకరణమును తీసివేసిరి! మనమును నిబంధనావళి అచ్చువేసికొన్నవారమే గావున, ఈ వేయిప్రతుల కథ చదివినప్పుడు మాకు నవ్వును వచ్చినది, సిగ్గును కలిగినది.

యజమానులకు కోపము తెప్పించినచో బానిసలకు బోధించుటకే వీలుండదని వారు సమాధానము చెప్పుకొనిరి. ఈ వాదము వట్టి కపటమని మేము చెప్పజాలము. దక్షిణమున బోధకులను తోటలలో అడుగుపెట్టనీయని యజమానులు నిజముగ నుండిరి. కాని ఆ దినములలోనే వర్జీనియాలో రాబర్టు కార్టరు అను గొప్ప భూస్వామి, ఉజ్జీవము ప్రబలినప్పుడు బాప్టిస్టులలో చేరినవాడు, 1791 లో దస్తావేజు వ్రాసి 450 మందికి పైగా బానిసల విడుదలకు మార్గము చేసెను. మహాసభ చేయలేకపోయినదానిని ఒక గృహస్థుడు చేసెను. ఆయన పేరు ఆ దేశమునందే చాలమందికి తెలియదు.

దాటవేసిన తగవు దాగియుండలేదు. 1844 లో, భార్యాసంబంధమున బానిసలు సంక్రమించిన యాండ్రూ బిషప్పు అధికారము చెలాయింపవచ్చునా అను ప్రశ్నమీద మెథడిస్టుసంఘము రెండుగా చీలినది. ఆ చీలిక మరల కలియుటకు 1939 వ సంవత్సరము రావలసివచ్చెను. బాప్టిస్టులును 1845 లో అట్లే చీలిరి. దక్షిణపు బాప్టిస్టులు ఆ పూర్వదోషమునకు క్షమాపణ కోరినది 1995 లో.

ఇంగ్లండులో 1785 ప్రాంతమున మతోత్సాహము పొందిన విల్బర్‌ఫోర్సును, ఆయన స్నేహితులును పార్లమెంటులో పోరాడి 1807 లో బానిసల వర్తకమును మాన్పించిరి. అది యందఱు నెఱిగినదే. ఎఱుగని దొకటి గలదు. జమైకాలో బానిసయు, బాప్టిస్టుసంఘమున ఉపదేశకుడును అగు శామ్యూలు షార్పు, 1831 క్రిస్మసుపిమ్మట కూలి యియ్యనిది పనిచేయరాదని తోడివారిని కూడగట్టెను. అది తిరుగుబాటుగా మాఱెను. 300 మందికి పైగా మరణశిక్షకు గుఱియైరి. 1832 లో షార్పును ఉరితీసిరి. దొరలు ఓదార్పుగా వినిపించిన గ్రంథమును బానిసలు హక్కుపత్రముగా చదువుకొనిరి. మఱుసటియేడు, 1833 లో, విమోచనచట్టము వచ్చెను. విల్బర్‌ఫోర్సు చేసిన పనిని మేము తక్కువచేయము; షార్పు పేరు చెప్పక ఆయన పేరు మాత్రము చెప్పుట న్యాయము కాదనుచున్నాము.

ఆ చట్టముక్రింద 2 కోట్ల పౌనులు నష్టపరిహారముగా యజమానులకు ముట్టెను. బానిసలకు ఒక్క పెన్నీయైన లేదు. ఈస్టిండియా కంపెనీవారి సీమలకు చట్టము వర్తింపలేదు. మనదేశమున న్యాయస్థానములు బానిసత్వమును గుర్తింపరాదను చట్టము 1843 లో గాని రాలేదు. మారిషసు ద్వీపమున 1835 లో బానిసత్వము రద్దుకాగా, చెఱకుతోటల దొరలు ఒడంబడికమీద మనదేశపు కూలీలను రప్పించుకొనిరి. గోదావరిసీమలోని కోరంగి రేవున ఓడలెక్కి పోయిన తెలుగువారు వారిలో నుండిరి. ఆ తోటలలో వారిని ఊరిపేరుతోగాని కులముపేరుతోగాని పిలువలేదు, రేవుపేరుతో కోరంగీలనిరి.