చుక్కల ముగ్గులో ఒక లెక్క
(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సలహాలకు బదులు, చదువుకునే రోజుల్లో నేను తప్పు చేసిన లెక్క ఒకటి చెబుతాను.

మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా మన వాకిట్లో చుక్కల ముగ్గు ఉంటుంది. అయిదు వరుసలు, వరుసకు అయిదు చుక్కలు పెట్టండి. ప్రతి చుక్కనూ పక్క చుక్కతో, కింది చుక్కతో కలపండి. అడ్డంగా, నిలువుగా ప్రతి వరుసలో చివరి చుక్కను మొదటిదానితో కలపండి. ఇందులో ముందు కుడికి, తర్వాత కిందికి నడిచినా, ముందు కిందికి, తర్వాత కుడికి నడిచినా చేరే చుక్క ఒకటే. ఇలా వరుస మార్చినా ఫలితం మారని గ్రూపును ఏబీలియన్ గ్రూపు అంటారు.

గీతల కలయిక చెడకుండా చుక్కల స్థానాలను ఎన్ని విధాల మార్చవచ్చు? అయిదు చుక్కల వలయాన్ని తిప్పడం 5 విధాలు, తిరగేయడం 5 విధాలు, మొత్తం 10. అడ్డానికి 10, నిలువుకు 10, అడ్డాన్నీ నిలువునూ తారుమారు చేసేందుకు 2. గుణిస్తే 200. ఇది సరైన జవాబే.

నాలుగు వరుసల ముగ్గుకూ ఇదే పద్ధతిలో 8×8×2 = 128 అని బోర్డు మీద రాశాను. మాస్టారు కొట్టివేయలేదు. "నాలుగు చుక్కల వలయాన్ని ఇంకా విడగొట్టలేమా?" అని మాత్రం అడిగారు.

విడగొట్టవచ్చు. చతురస్రంలో ఒక మూలను గుర్తించడానికి ఎడమా కుడా, పైనా కిందా అన్న రెండు ప్రశ్నలు చాలు. అంటే అది రెండు గీతల లబ్ధం. కాబట్టి ఆ ముగ్గు నాలుగు గీతల లబ్ధం. ఒక్కొక్క గీతను తిరగేయడానికి 2 విధాలు, నాలుగింటికీ 16. నాలుగు గీతలను తమలో తాము మార్చడానికి 24. మొత్తం 384, నా జవాబుకు మూడు రెట్లు! నలుగురిని రెండు జంటలు చేయడానికి 3 విధాలున్నాయి కదా, నేను ఒక్కటే చూశాను.

12ను 2×2×3గా విడగొట్టినట్టే, ముక్కలు కాని ఏ పరిమిత గ్రాఫునైనా ఈ రకం లబ్ధంగా ఒకే విధంగా విడగొట్టగలమని సబిదుస్సీ 1960లో, వైజింగ్ 1963లో విడివిడిగా నిరూపించారు. అలా పూర్తిగా విడగొట్టాకే లెక్కించాలి. అయిదు చుక్కల వలయం ఇక విడిపోదు, అందుకే అక్కడ సూత్రం నిలిచింది.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. జవాబు తప్పినప్పుడు ఎన్ని మార్కులు పోయాయని కాక, ఆలోచన ఎక్కడ ఆగిందని అడగండి.

ఆ గ్రూపులకు పేరిచ్చిన నార్వే గణితవేత్త ఏబెల్ తండ్రి 1820లో పోయారు. కుటుంబం పేదరికంలో పడితే, గురువు హోల్మ్‌బో, విశ్వవిద్యాలయ ఆచార్యులు ఆదుకుని చదివించారు. 1829లో, 26 ఏళ్లకే ఏబెల్ కన్నుమూశారు. ఆయన గణితం నిలిచింది. ఈ రోజు మీ చేతికి అందుతున్నది అలాంటి సాయమే.