ఇంటి ఆట అంగడికెక్కు మార్గము



అష్టాచెమ్మాకు అచ్చుయంత్రముతో పనిలేదు. అరుగుమీద సుద్దముక్కతో గళ్ళు గీసి, నాలుగు గవ్వలు, కొన్ని చింతపిక్కలు చేర్చినచో ఆట సిద్ధము. పులిమేకకును అంతియే. ఈ ఆటలను కల్పించినవారెవరో లోకమునకు తెలియదు. వారికి పేరుగాని, ప్రతిఫలముగాని మిగులలేదు.

పచ్చీసు కథయు ఇట్టిదే. దాని ఛాయలో రూపొందిన ఆట 'పార్చీసీ' యను పేరుతో అమెరికాలో అమ్ముడుపోయెను. 1896లో ఇంగ్లండున 'లూడో' వెలసెను. వైకుంఠపాళివంటి ఆటలు పాములు, నిచ్చెనలు మాత్రమే మిగిలించుకొని అచ్చటి అంగళ్ళకు చేరెను. హక్కులు అమ్మినవారికి దక్కెను. కల్పించినవారు మరపున పడిరి.

శ్రీకాకుళ తీరమునుండి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడిన మత్స్యకారుల ఇంటనో, అచ్చటి ప్రభుత్వోద్యోగి ఇంటనో నేడొక క్రొత్త ఆట పుట్టినచో, అది పదిమందికి చేరుటెట్లు? కర్త పేరు నిలుచుటెట్లు?

ఆల్‌ఫ్రెడ్ బట్స్ అను అమెరికా వాస్తుశిల్పి ఆర్థికమాంద్య కాలమున ఉద్యోగము కోల్పోయెను. ఇంట కూర్చుండి వార్తాపత్రికలలో ఏ అక్షరము ఎన్నిమారులు వచ్చుచున్నదో లెక్కించి, ఆ లెక్కనుబట్టి అక్షరములకు విలువలు కట్టి, 1938 నాటికి మాటల ఆటనొకదానిని సిద్ధపరచెను. ఆటవస్తువుల కంపెనీలు దానిని తిరస్కరించెను. 1948లో జేమ్స్ బ్రూనో అను మిత్రుడు, అమ్మిన ప్రతి పెట్టెకు కొంత సొమ్ము బట్స్‌కు చెల్లించు ఒడంబడికతో, దానిని చేపట్టి 'స్క్రాబుల్' అని పేరిడెను. 1949లో 2,400 పెట్టెలు తయారుచేసి 450 డాలర్లు నష్టపోయెను. 1952లో అనూహ్యముగ గిరాకి పెరుగగా, పార్చీసీని అమ్ముచుండిన కంపెనీయే దాని తయారీని స్వీకరించెను. ఓర్పు ఫలించినది, వ్రాసికొన్న ఒడంబడిక కర్తను కాపాడినది.

ఎలిజబెత్ మేగీ అను వనిత గతి వేరు. భూస్వాముల అద్దెల అన్యాయమును తెలుపుటకై ఆమె 1904లో ఒక ఆటకు పేటెంటు పొందెను. అది చేతివ్రాతప్రతులుగ ఇంటింటికి ప్రాకి, చార్లెస్ డారో చేతబడి, 1935లో 'మొనోపలీ'గ అంగడికెక్కెను. డారో ధనికుడయ్యెను. కంపెనీ మేగీ హక్కును 500 డాలర్లకు కొనెను. అమ్మకములపై ఆమెకు వాటా లేదు.

ఈ రెండు కథలు తెలుపు మార్గమేమి? మొదట అట్టముక్కలతో నమూనా చేయవలెను. ఇంటివారు కర్తపై ప్రేమచే మెచ్చుకొందురు. కావున నియమముల కాగితమును అపరిచితుల చేతికిచ్చి, కర్త నోరు మెదపక దూరమున కూర్చుండవలెను. వారు ఎచ్చట తడబడిరో అచ్చట నియమము చెడినదని గుర్తు. బట్స్ లెక్క తెలుగునకు నేరుగ పనికిరాదు. తెలుగు మాటల ఆట కల్పించువారు అక్షరములనే గాక గుణింతములను, ఒత్తులను లెక్కింపవలెను. వీధిలో హిందీ, బంగాళీ వినుచు పెరుగు బిడ్డలకు అట్టి ఆట ఎంత మేలు!

పిమ్మట చట్టము. 1970 నాటి పేటెంటు చట్టము 3వ సెక్షను ప్రకారము ఆట ఆడు పద్ధతికి మనదేశమున పేటెంటు లభింపదు. నియమములు వ్రాసిన మాటలకు, పటముపై గీసిన బొమ్మలకు 1957 నాటి కాపీరైటు చట్టము రక్షణ నిచ్చును. ఊహకు మాత్రము ఇయ్యదు. పేరును 1999 నాటి ట్రేడ్‌మార్కు చట్టము క్రింద నమోదు చేసికొనవచ్చును. 2021 జనవరి 1 నుండి 14 ఏండ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ప్రమాణముద్ర తప్పనిసరియైనది; ఆట ఆ కోవకు చెందునేమో ముందే విచారింపవలెను.

కేంద్రోద్యోగులు మరువరానిది వేరొకటి కలదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి 15వ నియమము, విధులకు భంగము కలుగనిచో, అప్పుడప్పుడు సాహిత్య, కళాకృషి చేయనిచ్చును. కాని వ్యాపారమునకు ముందుగ అనుమతి కావలెను. పెట్టెలు చేయించి అమ్మదలచినవారు ముందు తమ కార్యాలయమునకు వ్రాయుట క్షేమము.

ప్రకాశకునకు ఇచ్చునపుడు మూడు మాటలు పత్రమున నుండవలెను: పెట్టెకు ఎంత వాటా, ఎన్ని యేండ్లకు హక్కు, ముద్రణ ఆగినచో హక్కు తిరిగి ఎవరిది. స్వయముగ అచ్చొత్తించువారు ప్రధానభూమినుండి ఓడ కిరాయిని, ద్వీపపు తేమకు వంగు అట్టను లెక్కలో చేర్చి, మొదట కొద్ది ప్రతులతో ఆరంభించుట మేలు.

చింతపిక్కల ఆటను కల్పించిన తల్లి పేరు కాలగర్భమున కలిసెను. జంగ్లీఘాట్‌లో రేపు ఒక బాలిక అట్టపై గళ్ళు గీసినచో, ఆ అట్ట మూలను ఆమె పేరు, తేదీ వ్రాయించుడు. అదియే మొదటి మెట్టు.