పాత కారు - పొగశుద్ధి పెట్టె



నేను జీవితమంతయు పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను. యంత్రవిద్య నాకు గురుముఖమున లభించినది కాదు. అయినను నేడు కారును గూర్చి ప్రసంగింప సాహసించుట, ఒక్క పొరపాటునకు రెండుమారులు మూల్యము చెల్లించితిని గనుకనే.

మా యిల్లు ఉయ్యూరు ప్రాంతమున. 2009లో కొన్న పెట్రోలు కారు మాకు గలదు. సొంత కారునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు. పిమ్మట పరీక్ష నెగ్గినగాని మరి యైదేండ్లు పొడిగింపరు. ఆ గడువునకు ఏడాది ముందు మా బండి ఎత్తు కనబడినచో మూలుగసాగెను. పొగపరీక్షలో తప్పెను. మరమ్మతు చేయు నొకరు చూచి, "క్యాట్‌కాన్ పోయినది, మార్చవలయు" ననిరి. మార్పించితిమి. ఎనిమిది నెలలలో క్రొత్తదియు పాడయ్యెను.

క్యాట్‌కాన్ అనగా కెటలిటిక్ కన్వర్టరు. ఇంజను పొగ బయటికి పోవు గొట్టమున బిగించిన ఇనుప పెట్టె యిది. లోపల తేనెపట్టువలె సన్నని రంధ్రములుగల పింగాణి దిమ్మ యుండును. రంధ్రముల గోడలకు ప్లాటినము, పల్లేడియము, రోడియము అను విలువగల లోహముల పలుచని పూత. పెండ్లిండ్ల పేరయ్య ఇరుపక్షములను కలిపి తాను ఎప్పటివలెనే యుండునట్లు, ఈ లోహములు పొగలోని వాయువులను మార్చి తాము మారకుండును. ప్రాణము తీయు కార్బన్ మోనాక్సైడు బొగ్గుపులుసు గాలిగా మారును; మండక మిగిలిన పెట్రోలు ఆవిరి ఆ గాలిగాను నీరుగాను మారును; నైట్రోజన్ ఆక్సైడులు విడివడి మామూలు నైట్రోజను అగును. మన దేశమున 1995లో నాలుగు మహానగరములందు క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేసిరి. సీసము దీనికి విషము. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతట సీసము లేని పెట్రోలే వచ్చెను.

ఇక మాకు జరిగిన పొరపాటేమి? ఆయుర్వేదమున నిదానపరివర్జనమను మాట గలదు. రోగకారణమును తొలగించుటయే మొదటి చికిత్స. ఈ పెట్టె తనంత తాను చచ్చుట అరుదు. దానిని చంపునది వేరొకటి యుండును. మా కారున నిప్పురవ్వ పుట్టించు కాయిలు ఒకటి బలహీనమై, ఒక సిలిండరులో పెట్రోలు మండక, పచ్చిదిగానే పెట్టెలోనికి పోయి అచ్చట మండుచుండెను. ఆ వేడికి పింగాణి కరగి రంధ్రములు పూడిపోయెను. ఈ సంగతి కనిపెట్టినది బెజవాడ ఆటోనగరులోని యొక వృద్ధ మేస్త్రి. కాయిలును, ప్లగ్గులను మార్చిన పిమ్మటనే ఆయన క్రొత్త పెట్టెను ముట్టెను. ఇంజనాయిలు తగులబడుటయు, రేడియేటరు నీరు లోనికి కారుటయు నిట్టి హంతకులే.

లక్షణములు వినుడు. వేగము పెంచబోయిన బండి ఊపిరాడనట్లుండును. కుళ్లిన గ్రుడ్డు వాసన రావచ్చును. చల్లారిన పెట్టెను రబ్బరు సుత్తితో తట్టిన లోపల గులకరాళ్ల చప్పుడగును. కంప్యూటరు తగిలించి చూచు కారైనచో పి0420 అను సంకేతము రావచ్చును. అది అనుమానమేగాని తీర్పు కాదు. గొట్టమున చిల్లియున్నను, ఆక్సిజన్ సెన్సారు చెడినను ఆ సంకేతమే రాగలదు. పెట్టె పూడినదా యను సంగతి పొగగొట్టములో ఒత్తిడిని కొలిచి తేల్చవలెను.

మార్చునపుడు బండి పూర్తిగా చల్లారవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండులపై నిలుపవలెను. త్రుప్పుపట్టిన బోల్టులకు ముందురోజే నూనె పట్టింపవలెను. గ్యాస్కెట్లు క్రొత్తవి వేయవలెను. మీ ఇంజనుకు తగిన పెట్టెనే కొనుడు. పాత పెట్టెలోని లోహములకు వెలగలదు. దానిని తిరిగి అడుగుడు, లేదా బిల్లులో తగ్గింపుమనుడు.

"దిమ్మను పగులగొట్టి ఖాళీ పెట్టె బిగించెదము, చవక" యని కొందరు చెప్పుదురు. వినకుడు. ప్రమాణము మీరిన పొగకు మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను క్రింద శిక్ష గలదు. అంతకన్న ముఖ్యము, కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. కారు వెనుక నడచు మనుమనికి, గొట్టము కారినచో లోపల కూర్చున్న ముసలివారికి దాని రాక తెలియదు.

2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి బెజవాడలో వాహనములు మునిగినవి. కాగిన పింగాణి చల్లనీటికి బీటవారవచ్చును. పాత కారు కొనువారు ఈ పెట్టెనుకూడ తట్టి చూడుడు. ఇంకొక మాట: నడచిన కారున ఈ పెట్టె కొన్ని వందల డిగ్రీల వేడి నుండును. కళ్లములో ఎండు వరిగడ్డిపై కారు నిలుపకుడు.

మా బండి గడువులోపల పరీక్ష నెగ్గినది. మొదటనే కారణము వెదకియున్న ఒక పెట్టె వెల మిగిలియుండెడిది. మీకు ఆ ఖర్చు రాకుండుగాక. సెలవు.