రోగికి తెలియు మాట



ఊరిలో చదువుకొన్నవారి యింటికి ఇరుగుపొరుగువారు కాగితములు తెచ్చి చదివించుకొనుట మీకు తెలిసినదే. ఉత్తరమైనచో సులభముగా చదివి వినిపింతుము. ఆసుపత్రి చీటియైనచో నాలుక కొంచెము తడబడును. అందలి మాట మనకే తెలియనిచో ఎదుటివానికేమని చెప్పుదుము? ఊహించి చెప్పుట ప్రాణముతోడి చెలగాటము. తెలియదన్నచో అతనికి దిగులు. ఒక్క చీటి విషయమే యిట్లుండగా, దేశమునకంతటికిని వైద్యవిషయములు వ్రాయువారు ఎంత జాగరూకులై యుండవలెను! ఇంగ్లండులో ఈ పని యెట్లు సాగుచున్నదో నేడు మనవి చేసెదను.

బ్రిటనునందు 1948 జూలై 5వ తేదీన నేషనల్ హెల్త్ సర్వీసు అను ప్రభుత్వ వైద్యసంస్థ వెలసెను. 2007లో ఆ సంస్థ పేర ఇంగ్లండు ప్రజలకొఱకు ఒక వెబ్‌సైటు నెలకొల్పబడెను. వ్యాధులు, మందులు, పరీక్షలు, టీకాలు మున్నగువానిని గూర్చి అందు వేలకొలది పుటలు గలవు. ఇన్ని పుటలను ఒక్కరు వ్రాయజాలరు. పలువురు వ్రాసినపుడు పలు మాటలు దొరలును. మన భాషలో చెప్పవలెనన్న, ఒకరు బి.పి. యందురు, ఒకరు రక్తపోటందురు, మఱియొకరు రక్తపీడనమందురు. పండితునకు మూడును ఒక్కటే. రోగి మాత్రము తనకు బి.పి. యున్నది గాని రక్తపీడనము లేదని నిశ్చింతగా మందు మానవచ్చును.

కావున వారు సర్వీస్ మాన్యువల్ అను నియమావళిని కూర్చుకొనిరి. ఇటుకలు వేయువాడు ఒకే అచ్చును వాడినచో, గోడ యెవరు కట్టినను వరుస తప్పదు. మాటలకును, పుట తీరునకును అట్టి అచ్చే యీ నియమావళి.

అందు మొదటి నియమము: తొమ్మిది మొదలు పదునొకండేండ్ల వయస్సుగల పిల్లలు చదువగల భాషలో వ్రాయవలెను. పెద్దలను పిల్లలుగా నెంచుట కాదిది. నొప్పితోను, భయముతోను ఉన్నపుడు ఎంత విద్వాంసుడైనను నిదానముగా చదువలేడు. మలమూత్రములను గూర్చి సయితము వైద్యగ్రంథముల పదములు విడిచి, ఇండ్లలో పిల్లలతో ననెడి ‘పీ’, ‘పూ’ అను మాటలనే వారు వాడుచున్నారు. ఇది గ్రామ్యము గదా యని కొందఱికి తోచవచ్చును. కాని చదువు అంతంతమాత్రమైనవారికిని ఆ మాటలు తెలియును. తెలిసినచో రోగము ముదరకముందే వైద్యునికడకు పోవుదురు. వైద్యుని నోట వినబోవు శాస్త్రపదమును మాత్రము దాచరు. దానిని పేర్కొని అర్థము చెప్పుదురు.

రెండవది, తొందర యెంతయో కంటికి కనబడవలెను. వైద్యుని తీరికగా చూడదగిన లక్షణములు నీలిరంగు శీర్షికక్రిందను, త్వరపడవలసినవి ఎఱ్ఱని శీర్షికక్రిందను ఉండును. ఱొమ్మునొప్పి హఠాత్తుగా పుట్టి చేతులకో దవడకో ప్రాకుట వంటి గండములు ఎరుపు నలుపులతో వేఱుగా నిలుచును; అచ్చట ‘999కు ఫోను చేయుడు’ అని యుండును. అది మన 108 వంటిది. అయితే రంగు గ్రుడ్డివారికి కనబడదు గదా! వారికి పుటను చదివి వినిపించు యంత్రములు గలవు. ఆ యంత్రము పలుకుటకై ‘త్వరపడవలసిన సలహా’ యను మాటను కంటికి కనబడకుండ అందు చేర్చియుంచిరి. కన్నులున్నవారు రంగుచేతను, లేనివారు మాటచేతను ఒకే సంగతి తెలిసికొందురు. నాకు మిక్కిలి నచ్చిన యేర్పాటిది.

మూడవది, వ్రాసినది శిలాశాసనము కాదు. పుట యడుగున, దానిని కడపట పరిశీలించిన తేదీయు, మఱల పరిశీలింపవలసిన తేదీయు ఉండును; సాధారణముగా రెంటికిని నడుమ మూడేండ్లు. నియమములును అట్టివే. వానిని బహిరంగముగా ప్రకటించి, లోపములు చూపుడని కోరుదురు; చదువరులకు పుటలిచ్చి, వారెచ్చట తడబడిరో కనిపెట్టి దిద్దుదురు. చదువరి తడబడినచో తప్పు చదువరిది కాదు, వ్రాసినవానిది అనుటయే యీ పద్ధతికెల్ల మూలము.

ఇట్టి హితవును గ్రాంథికమున చెప్పుచున్నానని మీరు నవ్వవచ్చును. ఆ నవ్వు న్యాయమే. సభకు తగిన భాష వేఱు, మంచముకడ తగిన భాష వేఱు. ఈసారి యెవరైన ఆసుపత్రి చీటి తెచ్చినపుడు, చదివి యూరకుండక, ‘నీకేమి తెలిసినదో నీ మాటలలో చెప్పుము’ అని యడుగుడు. అతడు సరిగా చెప్పినచో మీరు చదివినట్లు. చెప్పలేనిచో, వ్రాసియిచ్చినవారికడకే అతనిని వెంటబెట్టుకొని పోవుడు. సిగ్గుపడవలసినది మీరు కారు.