పెద్దవారిలో కామెర్లు

మన నెల్లూరు తీరగ్రామములలో ఎవరి కన్నులైనను పచ్చబడినచో ఇంటివారికి మొదట స్ఫురించునది పసరుమందు. అది ఏ ఆకుపసరో ఇచ్చువారు చెప్పరు. చెప్పినచో గుణము పోవునట. పరగడుపున మందు పుచ్చుకొని, ఉప్పు, నూనె మాని పథ్యముండుట పరిపాటి. కొన్ని వారములకు కన్నులు తెల్లబడును. ఘనత పసరునకు దక్కును. నిజమునకు కలుషిత జలము వలన సోకు ఏ, ఈ రకముల కాలేయపు వాపు చాలమందికి ఆ వ్యవధిలో తనంతట తగ్గిపోవును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. తనంతట తగ్గని కామెర్లు వచ్చిన వ్యక్తియు అన్ని వారములు పసరుతోనే గడపును.

కామెర్లు వ్యాధి కాదు, వ్యాధికి గుర్తు. కాలము తీరిన ఎఱ్ఱ రక్తకణములు శిథిలమైనపుడు బిలిరూబిన్ అను పసుపు పదార్థము పుట్టును. కాలేయము దానిని పైత్యరసముతో ప్రేగులలోనికి పంపును. రక్తకణములు అమితముగా నశించినను, కాలేయము చెడినను, పైత్యనాళము మూసికొనినను అది రక్తములో నిలిచి కన్నులలో తేలును. నాళము మూసికొనినపుడు మలము సుద్దవలె తెల్లబడును, ఒళ్లు దురదపెట్టును. నొప్పి, చలిజ్వరము తోడైనచో నాళమున రాయి అడ్డుపడి యుండవచ్చును. ఏబది దాటినవారికి నొప్పి యేమియు లేకుండ కన్నులు పచ్చబడి, బరువు తగ్గుచున్నచో క్లోమగ్రంథి కాన్సరును అనుమానింపవలయును. నొప్పి లేదు గదా యని ఊరడిల్లుదురు, భయపడవలసినది అప్పుడే.

వరిమళ్లలో దిగువారికి ఇంకొక ప్రమాదము గలదు. ఎలుకల మూత్రము కలిసిన నీటినుండి కాలి పగుళ్లగుండ లెప్టోస్పైరా క్రిమి చొచ్చును. జ్వరము, పిక్కల నొప్పి, కన్నుల ఎఱ్ఱదనము, పిదప పచ్చదనము. మూత్రము తగ్గినచో మూత్రపిండములు దెబ్బతిన్నవని శంకింపవలయును. తొలిదినములలో మందు పడినచో ఇది నయమగును.

ఈ రకమును తేలికగ కొట్టివేయరాదు. 1955-56లో ఢిల్లీలో మురుగు కలిసిన త్రాగునీటివలన వేలమందికి వచ్చిన కామెర్లు ఈ రకమువేనని చాలకాలమునకు తేలినది. నిండు గర్భిణులకు ఇది సోకినచో నూటికి ఇరువదిమంది వరకు మరణింపవచ్చును. బీ రకము రక్తము, సూదులు, సంపర్కము, కాన్పు ద్వారా సోకి, ఏండ్ల తరబడి లోలోపల కాలేయమును గట్టిపరచును. దీనికి టీకా గలదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ వారు దానిని మన దేశముననే చౌకగా తయారుచేసిరి; సంస్థాపకులు వరప్రసాదరెడ్డిగారు మన జిల్లావారే.

కామెర్లు వచ్చినవారు పగలు మత్తుగా పడియుండి రాత్రి మేల్కొనుచున్నను, మాట తడబడినను, చిగుళ్లనుండి రక్తము కారినను తెల్లవారువరకు ఆగక, ఆ రాత్రియే పెద్దాసుపత్రికి కొనిపోవలయును.